మడ నారుకి మంచినీళ్ళు పోశాను

మొన్న అమావాస్యనాడు, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర నేను చేసొచ్చిన ఘనకార్యం వింటే మీరు కూడా మా అమ్మాయి రాజ్యంతో చేతులు కలిపి నన్ను గడప దాటనివ్వరు. ఒక ఊరు ఊరంతటికీ ఒక పూట తాగడానికి చుక్క నీళ్ళు లేకుండా చేశాను! అదీ మహా మంచిపని చేస్తున్నాననుకుని, చెమటలు కక్కుతూ, నడుం పడిపోయేలా కష్టపడి మరీ చేశాను.

చెబుతాను, వినండి. ముందే ఒకటి ఒప్పుకుంటున్నాను. వరుస తప్పుతానేమో. ఏది ముందు జరిగిందో ఏది వెనక జరిగిందో ఈ మధ్య నాకు కలిసిపోతోంది. పేర్లయితే మరీను. నోటిదాకా వచ్చి వెనక్కి పోతాయి.

ఏదైనా గుర్తుండాలంటే కొంగుకి ముడి వేసుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇదివరకు ముడి చూడగానే సంగతి గుర్తొచ్చేది. ఇప్పుడు ముడి చూస్తే ముడి వేసుకున్న సంగతి గుర్తొస్తోంది. అంతే! ఎందుకు వేశానో రాదు. మా అమ్మకీ ఇదే అలవాటు. చివరి రోజుల్లో ఆవిడ కొంగంతా ముళ్ళే. వాటిని వేళ్ళతో తడుముకుంటూ నావంక చూసి, "ఎవరింటికొచ్చావమ్మా?" అనేది. అందుకని నా కొంగున ముడి కనబడితే నాకు లోపల ఎక్కడో జలదరిస్తుంది. ఈ సంగతి రాజ్యానికి చెప్పలేదు. ఇది చదివితే తెలిసిపోతుంది. పోనీండి.

అసలు నేను అంతదూరం ఎందుకు పోయానో చెప్పాలి కదా. పోయినేడు కార్తీకంలో ఉప్పెన వచ్చిందే, ఆ తర్వాత మా గుణదల మహిళామండలి వాళ్ళు పాత చీరలూ బియ్యమూ మూటలు కట్టి లారీలో దివిసీమకి బయల్దేరారు. మండలి సెక్రటరీ సీతామహాలక్ష్మి గారు. మా వీధిలోనే ఆడపిల్లలకి కుట్టు నేర్పుతుంది. "పిన్నిగారూ, మీరూ రండి, పెద్దదిక్కుగా ఉంటారు" అంటే వెళ్ళాను. అక్కడ చూసినవి చెప్పను. మీకూ తెలుసు. తిరిగొచ్చాక చాలా రోజులు నాకు చెయ్యాడేది కాదు. బియ్యం కడుగుతూ కడుగుతూ ఆగిపోయేదాన్ని. గాలి కాస్త గట్టిగా వీస్తే లేచిపోయి తలుపులన్నీ వేసేదాన్ని. వయసు తెచ్చిన అలసట పడుకుంటే కొంత తీరుతుంది. ఇది పడుకున్నా తీరేది కాదు. ఏం చేసి ఏం లాభం, సముద్రం మళ్ళీ రాదా, అనిపించేది.

రెండోసారి వెళ్ళినప్పుడు నాగరత్నం కనిపించింది. నాగాయలంకలో బస్సు దిగి, పడవెక్కి కొంతదూరం పోతే వాళ్ళ పల్లె వస్తుంది. గుల్లలదిబ్బ అంటారనుకుంటాను. వేటకి పోయేవాళ్ళ ఊరు. నాగరత్నానికి నలభై దాటి ఉంటాయి. ఉప్పెన రోజు ఒక మడచెట్టుని కావలించుకుని బతికింది. మడ అంటే మీలో చూడనివాళ్ళుంటారు. ఉప్పునీళ్ళల్లో, మోకాలిలోతు బురదలో పెరిగే చెట్టు. బురదలోంచి పుల్లల్లాగా వేళ్ళు పైకి పొడుచుకొస్తాయి.

"ఆ చెట్టునే తర్వాత కొట్టి పొయ్యిలో పెట్టానండీ మామ్మగారూ" అంది నాగరత్నం. "మీరిచ్చిన బియ్యం ఉడకేసుకోటానికి ఇంకేం పుల్లలు మిగిలినయ్యి?"

ఏడుస్తూ చెప్పలేదు. చేపలు తోముతూ చెప్పింది. నాకు మాత్రం ఆ మాట పొద్దు తిరిగినా పోలేదు.

ఊరికి ఒక పక్క మడ దట్టంగా ఉన్నచోట కొన్ని ఇళ్ళు నిలబడ్డాయట. మడంతా ముందే కొట్టేసి అమ్ముకున్న పక్క ఏమీ మిగల్లేదు. అది ఊళ్ళో అందరూ కళ్ళతో చూశారు. అందుకని మళ్ళీ మడ వెయ్యాలని నాగరత్నం పట్టుపట్టింది. ఊరి పెద్ద పోలయ్య తాత సరే అన్నాడు. తీరా మొదలుపెడితే ఎలా వెయ్యాలో ఎవరికీ తెలీదు!

"మాకు కొట్టటమే తెలుసండీ. నాటటం ఎవడికి తెలుసు, దేవుడేసిన చెట్లాయె!" అంది నాగరత్నం.

కొమ్మలు నరికి బురదలో గుచ్చారు. ఎండిపోయాయి. కాయలు ఏరి తిన్నగా ఏటి ఒడ్డున చల్లారు. సముద్రపు పోటుకి కొట్టుకుపోయాయి. అప్పుడు పోలయ్య తాత మంచంలోంచే ఆఖరి మాట చెప్పేశాడు. "ఇంకొక్కసారి చూడండి. ఈసారీ పోతే గవర్నమెంటోళ్ళిచ్చే సరుగుడు మొక్కలేసుకుందాం. ఇక మడ మాట నా దగ్గర ఎత్తమాకండి."

"సరుగుడు ఇసకలో నిలబడుద్ది గానీ బురదలో నిలబడుద్దా తాతా? సరుగుడు కింద రొయ్యపిల్ల పెరుగుద్దా?" అని నాగరత్నం గొడవ.

"పెరగదు. ఇప్పుడు మాత్రం ఏం పెరుగుతంది?" అన్నాడాయన.

సరే, ఈసారి ముందు తాటాకు బుట్టల్లో బురద నింపి, కాయలు గుచ్చి, మొలకలెత్తాక నాటుదామనుకున్నారు. ఏటిపాయ ఒడ్డున, పోటు వస్తే నీళ్ళు ఎక్కేచోట ఒక చిన్న మడి తీశారు. నారుమడి అన్నారు. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నారుమడి సంగతి నాకు ఒకళ్ళు చెప్పాలా! పుట్టింది పామర్రు. చుట్టూ వరే. బడికి పోలేదు గానీ పొలానికి పోయాను. చదువు తర్వాత పొట్లాం కాగితాల మీద నేనే నేర్చుకున్నాను. నారు పొయ్యడం, నీరు పెట్టడం, నీరు తియ్యడం మాత్రం నా చేతులకే తెలుసు.

అప్పటి నుంచీ అమావాస్యకీ పౌర్ణమికీ నేనూ సీతామహాలక్ష్మి గారూ బస్సెక్కేవాళ్ళం. బుట్టలల్లేవాళ్ళం, బురద మోసేవాళ్ళం. ఒళ్ళు హూనమయ్యేది. అయినా ఆ రాత్రి నిద్రపట్టేది. ఉప్పెన తర్వాత నాకు నిద్రపట్టింది ఆ బురద మోసిన రోజుల్లోనే.

ఇంట్లో మాత్రం గొడవ. పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయానని ఒకసారి, కొళాయి కట్టలేదని ఒకసారి. ఇక నాగాయలంక వెళ్ళాల్సినదాన్ని మైలవరం బస్సెక్కి కూచున్నానే, ఆ రోజు మా అల్లుడు ప్రసాదరావుగారు ఆఫీసుకి సెలవు పెట్టి వెతుక్కుంటూ వచ్చారు. పాపం ఒక్కమాట అనలేదు. రాజ్యమే అంది. "అమ్మా, ఇంకొక్కసారి ఇలాంటిది జరిగితే ఇక నీ మడా వద్దు, గిడా వద్దు. ఇంట్లో కూచుని రామకోటి రాసుకో."

రామకోటి రాయడంలో తప్పులేదు. కానీ నేను ఎంతవరకు రాశానో మరిచిపోయి మొదటికి వస్తానని నా భయం.

ఇక ఆ అమావాస్య సంగతి.

మేము పొద్దున్నే పల్లెకి చేరేసరికి ఊరంతా పడవలెక్కి కూచుంది. నాగాయలంకలో కొత్త నైలాను వలలు పంచుతున్నారట. ఇంటికొకరు వస్తే చాలన్నారు గానీ, పెద్దవాళ్ళంతా బయల్దేరారు. ఇచ్చేదాకా నమ్మకం లేక! ఊళ్ళో మిగిలింది నడవలేని పోలయ్య తాత ఒక్కడే. పిల్లల్ని కూడా చంకనేసుకుని ఎక్కేశారు.

నాగరత్నం పడవలోంచి దిగొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "మామ్మగారూ, ఇయ్యాల నారుమడి మీ చేతుల్లో పెట్టి పోతన్నాను. రెండంటే రెండే మాటలు చెబుతా, గుర్తుపెట్టుకోండి."

"ఆగవే, ముడి వెయ్యి" అని కొంగు చాచాను.

నవ్వి, మొదటి మాట చెప్పి ఒక ముడి వేసింది. రెండో మాట చెప్పి ఇంకో ముడి వేసింది. నేను శ్రద్ధగానే విన్నాను. తల కూడా ఊపాను. పడవ కదిలింది. నాకు ఎంత గర్వమో! పాలగిన్నె కూడా నామీద వదలని రోజుల్లో ఒక ఊరు ఊరు తన ఆఖరి నారుమడిని నాకు అప్పజెప్పి పోయింది.

పొద్దంతా బానే గడిచింది. నేనూ సీతామహాలక్ష్మి గారూ బుట్టలు సర్దాం. మొలకలు జానెడు లేచాయి. ఒక్కోదానికి దళసరి ఆకులు, రెండో నాలుగో, నూనె రాసినట్టు నిగనిగలాడుతున్నాయి. వాటిని చూస్తుంటే ఒళ్ళు నొప్పులు తెలీలేదు. తెచ్చుకున్న పులిహోర తిన్నాం. ఒక కునుకు తీశాను.

కునుకులోంచి లేచేసరికి ఏటిపాయ నిండుగా ఉంది! అమావాస్య పోటు. నీళ్ళు బుసబుసా లోపలికొస్తున్నాయి. నారుమడికి నీరు రావడానికి వాళ్ళు ఒక చిన్న కాలవ తీశారు, మడికి గట్టు తెరిచి మడవ పెట్టారు. ఆ మడవలోంచి నీళ్ళు సర్రున మడిలోకి పాకుతున్నాయి. వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. కటిక ఉప్పు!

 నారుమడిలోకి ఉప్పునీళ్ళు! కొంగు చూసుకున్నాను. ముళ్ళు రెండూ ఉన్నాయి. నాగరత్నం ఏదో నీళ్ళ సంగతే చెప్పింది. అవును, నీళ్ళ గురించే. నారుమడి అప్పజెప్పిన మనిషి నీళ్ళ గురించి ఏం చెబుతుంది? ఉప్పునీరు రానివ్వద్దనే కదా చెబుతుంది! పామర్రులో పుట్టినదానికి ఇంకో అర్థం ఎలా తడుతుంది?

"సీతామహాలక్ష్మి గారూ, లేవండి లేవండి! నారు పోతోంది!"

ఆవిడ అదిరిపడి లేచింది. "ఏం చెయ్యాలి పిన్నిగారూ?"

"మడవ కట్టెయ్యాలి!"

"మడవ అంటే?"

బెజవాడలో పుట్టి పెరిగిన మనిషి, ఏం తెలుస్తుంది. "ఆ కన్నం మూసెయ్యాలండీ బాబూ!"

"ఎమర్జెన్సీ అన్నమాట!" అని ఆవిడ చీర ఎగ్గట్టింది. "సిస్టమేటిక్‌గా చేద్దాం పిన్నిగారూ. మీరు మట్టి తియ్యండి, నేను అందుకుంటాను."

తీశాను. మోకాళ్ళ నొప్పులు ఏమయ్యాయో తెలీదు. బురద పెళ్ళలు పెళ్ళలుగా తీసి మడవ మూశాను. పోటు ఇంకా పెరుగుతుంటే చుట్టూ ఉన్న గట్టుని ఎత్తు చేశాం. ఎక్కడ చెమ్మ ఊరితే అక్కడ పిడికెడు వేసి కాలితో తొక్కాను. నా చిన్నతనంలో మా నాన్న తొక్కినట్టు, మడమతో. సీతామహాలక్ష్మి గారి చెప్పులు రెండూ బురద మింగేసింది. చేతి గడియారం జాకెట్లో దోపుకుంది. ఒకసారి ఆవిడ నడుందాకా కూరుకుపోతే నేను లాగాను. నేను కూరుకుపోతే ఆవిడ లాగింది. ఒకరినొకరు లాక్కోవడంలోనే సగం పొద్దు పోయింది.

ఇంతలో ఊరి మెరకమీద పోలయ్య తాత మంచంలో లేచి కూచుని కర్ర ఊపుతూ అరవడం మొదలుపెట్టాడు. గాలి ఎదురు. ఒక్క మాట వినబడదు.

"చూడండి పిన్నిగారూ, ఆ వయసులో ఎంత ఎంకరేజ్‌మెంటో!" అంది సీతామహాలక్ష్మి గారు.

ఇద్దరం చేతులు ఊపాం. ఆయన ఇంకా గట్టిగా కర్ర ఊపాడు. మేము ఇంకా ఉత్సాహంగా మట్టి వేశాం.

గట్టు నిలబడింది! బయట నీళ్ళు, లోపల నారు. కానీ నా మనసు నిలవలేదు. ముందే లోపలికొచ్చిన ఉప్పు సంగతేమిటి? మా పొలాల్లో చౌడు తేలితే ఏం చేసేవాళ్ళం? కాలవ మంచినీళ్ళు పెట్టి కడిగేవాళ్ళం. మరి ఇక్కడ కాలవేది?

అప్పుడు కనబడ్డాయండీ, మెరక దిగువన, పోలయ్య తాత మంచానికి చాలా ఇవతల, చెక్కపలకలు మూతలు పెట్టి వరసగా ఉన్న కుండలు. నిండా మంచినీళ్ళు.

వాటి దగ్గర ఒక్క క్షణం ఆగాను. అది మాత్రం చెప్పుకోవాలి. కొంగున రెండో ముడి చూసుకున్నాను. ఈ కుండల గురించి కూడా ఏదో చెప్పింది సుమా నాగరత్నం, అని లీలగా తోచింది. "ఓహో! నారుకి పొయ్యడానికే నింపి పెట్టింది. ఎంత ముందుచూపు!" అనుకున్నాను.

మోశాం. కుండ తర్వాత కుండ. పోలయ్య తాత మంచం మీంచి కర్ర విసిరేశాడు. అది మాదాకా రాలేదు. "పాపం, మనకి ఊతంగా ఇస్తున్నాడు" అన్నాను నేను. సీతామహాలక్ష్మి గారు ఆ కర్ర తెచ్చుకుని బురదలో పొడుచుకుంటూ నడిచింది. పాపం ఆయన అరిచి అరిచి గొంతుపోయి తల పట్టుకుని కూచున్నాడు. చివరి కుండ కూడా మడిలో వంచి, కుండలన్నీ మళ్ళీ వరసలో పెట్టి మూతలేసొచ్చి, కొత్తగా వేసిన గట్టు మీద ఇద్దరం కూచున్నాం. చుట్టూ నీళ్ళు, మధ్యలో మేము. రాణుల్లాగా! ఫ్లాస్కులో టీ మిగిలి ఉంటే పంచుకున్నాం. నాకు ఏడాదిగా లేని తృప్తి. ఒక ఉప్పెనని నేను ఆపాను అనిపించింది. నిజంగా అలాగే అనిపించింది. నవ్వకండి.

పొద్దు వాలుతుండగా పడవలు వచ్చాయి.

నాగరత్నం మమ్మల్ని చూసింది. గట్టు చూసింది. పడవ ఒడ్డుకి తగలకముందే దూకింది.

"మామ్మగారూ! మడవేదీ?"

"కట్టేశానే! ఒక్క చుక్క ఉప్పునీరు రానివ్వలేదు!"

ఆమె మొహంలో రంగు పోయింది. ఇంతలో మిగతావాళ్ళు దిగి, ఎండన పడి దాహంతో తిన్నగా కుండల దగ్గరికి పోయారు. ఒక మూత తీసిన చప్పుడు. ఇంకో మూత. తర్వాత అన్నీ. 

"నీళ్ళేమయినయ్యి?"

నేనే చెప్పాను. "నారుకి పోశాం."

చంకన పసిబిడ్డతో ఒక అమ్మాయి నా మీదకొచ్చింది. "నారుకి పోశారా! తాగే నీళ్ళండీ అవి! రెండు రోజులకోసారి పడవలో తెచ్చుకుంటాం. ఇప్పుడు ఈ పిల్లకి ఏం పొయ్యమంటారు, ఆ ఏట్లో నీళ్ళా?"

 ఉప్పెన తర్వాత ఈ ఊరికి బియ్యం మోసుకొచ్చినదాన్ని, ఇప్పుడు నీళ్ళు లేకుండా చేశాను. విజయవాడ నుంచి తెచ్చుకున్న మరచెంబులో సగం నీళ్ళున్నాయి. తీసి ఇచ్చాను. ఆ అమ్మాయి లాక్కుని బిడ్డకి పట్టింది. థాంక్స్ చెప్పలేదు. ఎందుకు చెబుతుంది!

నాగరత్నం నా దగ్గరికొచ్చి కొంగు పట్టుకుంది. మొదటి ముడి చూపించింది.

"మామ్మగారూ, ఈ ముడి ఎందుకేశాను?"

ఆ ముడిని నేనూ వేళ్ళతో తడిమాను.

"పోటు వస్తే రానివ్వండి, భయపడమాకండి, ఉప్పునీళ్ళు తాగితేనే మడ బతుకుద్ది అని." ముడి విప్పేసింది. రెండోది పట్టుకుంది. "మరి ఇది?"

"కుండలు..." అన్నాను.

"కుండల్లో నీళ్ళు ముట్టుకోమాకండి అని!"

రెండే మాటలు. రెండే ముళ్ళు. ఆ రెండింటికీ సరిగ్గా తలకిందులుగా చేశాను. పొల్లుపోకుండా! గుర్తులేకపోతే మనిషి ఊరుకుంటాడు గదా. నాకు గుర్తులేనిది కూడా మహా గట్టిగా గుర్తున్నట్టే ఉంటుంది, అదీ నా రోగం. అమ్మ వేళ్ళు ఆ ముళ్ళ మీద తడుముకోవడం కళ్ళముందు కనబడింది. ఇక ఇంటికి పోయి కూచోవడమే మంచిదనుకున్నాను. రాజ్యం చెప్పిందే నిజం.

"మద్దేనం నించీ అరుస్తానే ఉన్నానే!" అని పోలయ్య తాత బొంగురుగొంతుతో మొదలుపెట్టాడు. "వద్దు వద్దు అంటే చేతులూపుతారు! ఇంకా గట్టిగా అంటే దణ్ణాలు పెడతారు! కర్ర విసిరితే, ఆ లావుపాటి అమ్మగారు దాన్ని పట్టుకుని షికారు చేసింది!"

ముందు ఎవరో ముక్కుతో నవ్వారు. తర్వాత ఇంకొకరు. నాగరత్నం పమిట నోట్లో కుక్కుకుంది గానీ ఆగలేదు. బురదలో చతికిలబడి, పొట్ట పట్టుకుని, కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వింది. పసిబిడ్డ తల్లి మాత్రం నవ్వలేదు. నాలుగు కుండలెత్తి పడవలో పెట్టి, "ఎవరన్నా తెడ్డెయ్యండి, చీకటి పడకముందే పోవాల" అంది. ఇద్దరు మగవాళ్ళు నవ్వుకుంటూనే ఆమె వెంట మళ్ళీ నాగాయలంక వెళ్ళారు. పాపం, ఆ రోజంతా తెడ్డేసిన చేతులే.

నాగరత్నం లేచి, "పదండి, కట్టిన చేతులతోనే తియ్యండి" అంది.

మోకాళ్ళ మీద కూచుని మడవ తీశాను. ఎంత గట్టిగా తొక్కానో, తియ్యడానికి కట్టినంత కష్టమైంది. చివరి పెళ్ళ కదలగానే నీళ్ళు గలగలమంటూ లోపలికి దూకాయి. ఆ నీళ్ళతోబాటే గోరంత పీతపిల్లలు కొన్ని దొర్లుకుంటూ వచ్చి బుట్టల మధ్య దూరాయి. ఒక రొయ్యపిల్ల, కళ్ళు తప్ప ఏమీ కనబడనంత పల్చటిది, నా వేళ్ళ మీదుగా పోయింది. మొలకలు నీళ్ళల్లో మునిగి, ఊగి, తలలెత్తాయి.

నా జన్మలో ఉప్పునీళ్ళు మడిలోకి రావడం చూసి సంతోషపడింది అదే మొదలు. ఏడాదిగా సముద్రం పేరు చెబితే తలుపులు వేసుకున్నదాన్ని, నా చేత్తో నేనే తలుపు తీశాను.

"బతుకుతాయంటావా?" అని అడిగాను.

"ఏమోనండీ. తీపినీళ్ళు తాగిన మడని మేం మాత్రం ఎప్పుడు చూశాం?" అంది నాగరత్నం.

ఆ మాట మోసుకుంటూనే ఇంటికొచ్చాను. బస్సులో సీతామహాలక్ష్మి గారి చేత ఒట్టు వేయించుకున్నాను, రాజ్యానికి చెప్పొద్దని. ఆవిడ చెప్పులు లేని కాళ్ళతో బస్సు దిగుతూ, "ప్రాణం పోయినా చెప్పను పిన్నిగారూ" అంది. నిజంగానే చెప్పలేదు, మహాతల్లి.

చెప్పింది నాగరత్నం! వారం తిరక్కుండా ఎండుచేపలు అమ్ముకోవడానికి బెజవాడ వచ్చి, వాళ్ళనీ వీళ్ళనీ అడుగుతూ గుణదలలో మా ఇల్లు పట్టుకుంది. అల్లుడుగారు వరండాలో పేపరు చదువుతున్నారు. రాజ్యం కాఫీ ఇచ్చింది. నేను తలుపు వెనక నుంచి నాగరత్నానికి కళ్ళతో సైగలు చేస్తున్నాను, చెప్పకే, చెప్పకే అని. ఆమె నావంక చూసి, "కంట్లో నలుసు పడిందా మామ్మగారూ?" అని అడిగి, మొత్తం కథ చెప్పేసింది. కర్ర విసరడంతో సహా. ముళ్ళు విప్పడం అభినయించి మరీ చూపించింది.

రాజ్యం నవ్వలేదు. "అమ్మా" అంది. అంతే. ఆ ఒక్క మాటలో రామకోటి పుస్తకం కనబడింది నాకు.

"నారు సంగతి చెప్పవే ముందు" అన్నాను నేను.

"చావలేదండీ!" అంది నాగరత్నం. "కొత్త ఆకు కూడా ఏసినయ్యి. మీరిద్దరూ తొక్కినయ్యే చచ్చినయ్యి."

అన్ని ఉప్పునీళ్ళకీ, అన్ని మంచినీళ్ళకీ తట్టుకున్నాయి. మా కాళ్ళకి మాత్రం తట్టుకోలేకపోయాయి!

"పౌర్ణమికి నాటతన్నాం. పోలయ్య తాత కూడా మంచంతో సహా మోసుకుపొమ్మన్నాడు. సరుగుడు మాట ఇక ఎత్తడంలేదు. మామ్మగార్ని తప్పకుండా తీసుకురమ్మన్నాడు."

"ఎందుకు, మళ్ళీ నీళ్ళు పారబొయ్యడానికా?" అంది రాజ్యం.

"కాదమ్మా. ఈసారి కర్ర దగ్గరగా పెట్టుకు కూచుంటాడంట."

అప్పటిదాకా మాట్లాడని అల్లుడుగారు పేపరు మడిచారు. ఆయన కాలవల ఆఫీసులో ఓవర్సీరు. ఉప్పునీళ్ళు పొలాల మీదకి రాకుండా కట్టలు వేయించడమే ఆయన ఉద్యోగం. నేను తిట్లకి సిద్ధమయ్యాను.

"అత్తయ్యగారూ, గట్టు అడుగున ఎంత వెడల్పు పెట్టారు?"

"బారెడు ఉంటుంది బాబూ."

"మట్టి లోపలి వైపు నుంచి తీశారా, బయటి వైపు నుంచా?"

"బయటి నుంచే. లోపల తీస్తే నారు కుంగదూ?"

"అమావాస్య పోటుకి గండి పడలేదా?"

"చివరికి చెమ్మ కూడా ఊరలేదు."

ఆయన పేపరు పక్కన పడేశారు. "మా ఆఫీసు మొత్తం వల్ల కాలేదే!" అన్నారు. తర్వాత రాజ్యం వంక చూడకుండా, "పౌర్ణమికి నాకూ సెలవే. ఆ గట్టు ఒకసారి చూడాలి" అన్నారు.

రాజ్యం ఇద్దరివంకా చూసి, "ఏమన్నా చేసుకోండి" అని లోపలికి పోయింది. కాసేపటికి తిరిగొచ్చి, నా కొంగుకి ఒక ముడి వేసి పోయింది. ఎందుకో చెప్పే వేసింది.

ఇదీ జరిగింది. వరుస ఎక్కడైనా తప్పానేమో తెలీదు. అమ్మా రాజ్యం, ఇది ఒకసారి చదివి పేర్లు సరిచూడవే. ఆ పల్లె గుల్లలదిబ్బో, గువ్వలదిబ్బో. తాత పోలయ్యో, కోటయ్యో. నాగరత్నం మాత్రం నాగరత్నమే, అది దిద్దకు. ఇక ఈ కొంగున నువ్వు వేసిన ముడి, కుండలు ముట్టుకోవద్దనో, పేర్లు నీకు చూపించమనో, సరిగ్గా గుర్తు రావడంలేదు. అదీ నువ్వే చెప్పాలి. పౌర్ణమి ఎప్పుడో మాత్రం చెప్పక్కర్లేదు. దానికి నాకు ముడి అక్కర్లేదు.